రాజమ్మత్త రెండో అర్జీ

అమ్మా,

నువ్వు పోయి నేటికి ఏడాది. స్టేషన్ దగ్గర నువ్వు చొక్కాలకు కాజాలు కుట్టిన దర్జీ షాపులో, మిగిలిన ఇద్దరు పనివాళ్లకూ కనీస వేతనం ఇవ్వాలని మొన్న అర్జీ రాసింది నేనే. ఒక్కో మాటా ఏరుకుని రాశాను. షాపు మాస్టర్ చదివి, "మీ అమ్మ అడగాల్సింది నువ్వు అడిగినవ్ బిడ్డా" అని ఒప్పుకున్నాడు. కానీ ఇద్దరికీ అంత ఇచ్చే స్తోమత లేక వాళ్లలో రాజమ్మత్తను పని మాన్పించాడు. చూపు ఆనకపోయినా ఇప్పుడు ఆయనే కాజాలు కుడుతున్నాడు.

ఇవాళ రాజమ్మత్త వచ్చి నీ ఫోటోకు పూలు పెట్టింది.

"పాత జీతానికే వస్తనని మాస్టర్‌కు రాయి బిడ్డా. నువ్వు మంచిగ రాస్తవు."

"వద్దత్తా."

"వద్దంటే? పొయ్యి మీద నీ అర్జీ పెట్టాల్నా?"

రాశాను. చదివి వినిపిస్తే, మొదటి అర్జీ కంటే ఇదే బాగుందంది.