మూడు పిలుపుల సరాయి

18 జనవరి 1937, నాంపల్లి

మెదక్ నుంచి బస్సులో వచ్చాము. రేపు నా భార్య సుగుణమణి కుడి కంటికి ఆపరేషన్. ఎడమది ఎప్పుడో పోయింది. ఉన్నది ఈ ఒక్కటే. దవాఖానలో మంచాలు లేవట. కట్టు కట్టి పంపిస్తాం, కదలకుండా వెల్లకిలా పండబెట్టు, లేచినా గట్టిగా దగ్గినా కన్ను పోతుంది అన్నాడు డాక్టరు. నాకు చెప్పేదేముంది! మెదక్ పెద్ద చర్చికి రాళ్లు చెక్కిన చేతులు ఇవి. కొలతలు రాసుకోవడానికే ఈ నాలుగు అక్షరాలూ నేర్చుకున్నాను.

స్టేషన్ దగ్గర పాత సరాయికి పోయాము. సున్నం పని మంచిది. కమాను మాత్రం ఒంకర. చౌకీదారు మొగులయ్య ఖాళీగా ఒక్క గదే ఉంది, అది ఇయ్యను అన్నాడు. ఏంది కారణం అంటే నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. ఎన్కట ఒకడు పెండ్లాన్ని గా గదిల కూసోబెట్టి పగటి రైలెక్కి పోయిండట. ఆమె ఎన్నడూ పలకని మొగని పేరు పెట్టి రెండుసార్లు పిలిచిందట. వాడు తిరిగి చూడలేదట. మూడోసారికి పానం పోయిందట. అప్పటిసంది పగటి రైలు కదిలేటప్పుడు మొగోళ్లను పేరు పెట్టి పిలుస్తదట. పలికినోడు ఆమె ఎంట పోతడట. మూడో పిలుపు ఆమెకు రాదు గనుక, సరాయిలో ఎవ్వలైనా మూడుసార్లు పిలుస్తరు, మూడోదానికే పలుకుతరు అన్నాడు.

నా పేరు ఆమెకెట్లా ఎరుక అని అడిగాను. కిరాయి రిజిస్టర్ చూసుకుంటదేమో పెద్దాయనా అన్నాడు. ఎటకారం!

మేము ప్రార్థన చేసుకునేవాళ్లం, దయ్యాలు లేవు, తాళం తియ్యి అన్నాను. సుగుణమణికి ఒక్క ముక్క చెప్పినా ఊరుకోనన్నాను.

19 జనవరి

ఆపరేషన్ అయింది. రెండు కండ్లకూ కట్టు. టాంగావాడు గుంతల్లో తోలితే తిట్టాను. వాడూ తిట్టాడు.

21 జనవరి

ఈ సరాయి జనానికి పిచ్చి. చాయ్ దుర్గయ్య అంగట్లో ఎదురుగా నిలబడి కూడా దుర్గయ్యా, దుర్గయ్యా, దుర్గయ్యా అంటారు. వాడు అప్పుడు గాని తలెత్తడు. వీళ్లేంది గిట్లా మొత్తుకుంటున్నరు మాబెల్ నాయనా అంది సుగుణమణి. పట్నపోళ్లకు చెవుడు అన్నాను. నవ్వబోయింది. నవ్వితే కన్ను కదులుతుందని గదమాయించాను.

మాబెల్ మా బిడ్డ. దాని పేరుతోనే నన్ను పిలుస్తుంది. అది పుట్టకముందు ఏమయ్యా అనేది. చర్చిలో అయ్యగారు నీ భర్త పేరేమిటమ్మా అని అడిగితే నన్ను మోచేత్తో పొడిచింది గాని చెప్పలేదు.

22 జనవరి

మొగులయ్య భార్య పద్మను గదిలో కూర్చోబెట్టి ఆబిడ్స్ పోయి నల్లద్దాలు తెచ్చాను. కట్టు విప్పాక పెట్టుకోవాలట. దుకాణంవాడు నాకొక జత తగిలించి దొరలెక్క ఉన్నవ్ అన్నాడు. నాకు తెలుసన్నాను.

23 జనవరి



మధ్యాహ్నం వరండాలో కూర్చున్నాను. పగటి రైలు కూత వేసింది. జ్ఞానశేఖరూ అని నా పేరు పెట్టి ఆడగొంతు. పొడిగా, ఎండిపోయినట్టు. నేనెన్నడూ వినని గొంతు.

పలకలేదు.

మళ్లీ జ్ఞానశేఖరూ. గోడకు వీపు ఆనించి మూడోదాని కోసం చూశాను. మూడోది రాలేదు. గదిలో చెంబు పడ్డ చప్పుడైంది.

సుగుణమణి గడప మీద మోకాళ్ల మీద ఉంది. చేతులతో నేల తడుముతోంది. కట్టు మీద నెత్తురు. దగ్గు ముంచుకొస్తుంటే ఆపుకుందామని నీళ్లకు లేచిందట. పేరు పెడితే ఉరికొస్తవనుకున్న అంది.

నేను దాని మీదే అరిచాను. రెండుసార్లు పిలిచినదానివి మూడోసారి పిలిస్తే నీ నోరు పోయేదా అన్నాను.

ఒక్కసారే పిలిచిన అంది.

24 జనవరి

డాక్టరు కొత్త కట్టు కట్టాడు. విప్పితే గాని తెలవదన్నాడు. నన్ను తిట్టాడు. మొదటిసారి ఎదురు చెప్పలేదు.

మొగులయ్య వేరే గది ఖాళీ అయింది, జర మారున్రి అన్నాడు. మళ్లీ కదిలిస్తే కన్ను దక్కుతుందా? వద్దన్నాను. ఇంకొక మాట కూడా చెప్పాను. ఇకమీద ఎవరు పిలిచినా మొదటి పిలుపుకే పలుకుతాను. రెండోదాకా ఆగేది లేదు. పగటి రైలప్పుడు సుత పలుకుతవా అన్నాడు. అప్పుడే ముందు పలుకుతాను అన్నాను. వాడు చెవులు మూసుకున్నాడు.

27 జనవరి

దుర్గయ్యను పిలిచినా నేనే ఔ అంటున్నాను. వరండాలో అందరూ నవ్వుతున్నారు. నవ్వనీ.

29 జనవరి

రేపు కట్టు విప్పుతారు. మోకరించాను, లేచి నల్లద్దాలు తుడిచాను, మళ్లీ మోకరించాను.

30 జనవరి

కట్టు విప్పారు. డాక్టరు వేళ్లు చూపెట్టాడు. దాని చూపు వేళ్ల మీద లేదు, నా మీద ఉంది. గడ్డం గింత తెల్లగైందా మాబెల్ నాయనా అంది.

బయటికొచ్చి గోడ పట్టుకుని నిలబడ్డాను. నాసిరకం గోడ.

31 జనవరి

సాయంత్రం గౌలిగూడలో బస్సు. సుగుణమణి నల్లద్దాలు పెట్టుకుని నా ఎదురుగా మూట కడుతోంది. తాడు కొస పళ్ల మధ్య ఉంది.

పగటి రైలు కదిలింది. నా వెనక నుంచి నా పేరు వినిపించింది. ఒక్కసారే.

ఔ, ఈడనే ఉన్నా అన్నాను.