మీ వీధికి రాసిన అంకెలు

పిన్నీ,

ఫోన్ చేస్తే మీ ఇంట్లో అందదు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. నాతో మాట్లాడదామని మేడెక్కి, దిగేటప్పుడు మెట్టు తప్పి కాలు విరగ్గొట్టుకున్నావని చెల్లి తన ఆఫీసు నుంచి ఫోన్ చేసి చెప్పింది. సిగ్నల్ లేదని పక్కింటాయన ఫిర్యాదు రాయబోతే, "మావాడి కంపెనీయేనండీ, వాడికి మాటొస్తుంది, ఆగండి" అన్నావట. అది విన్నాక నీకు నిజం చెప్పాలనిపించింది.

టవర్ పెట్టాక కారులో వీధివీధీ తిరిగి సిగ్నల్ కొలవడం నా పని. ఆ రోజు మీ మలుపు దాకా వచ్చాను. లోపలికొస్తే భోంచేయందే నువ్వు కదలనివ్వవు. సాయంత్రానికి రిపోర్టు ఇవ్వాలి. బండి వెనక్కి తిప్పేసి, పక్కవీధి అంకెల్నే కాస్త మార్చి మీ వీధికి రాసేశాను.

కాలేజీలో కొలవకుండా అంకెలు వేసినందుకు ల్యాబ్ మేడమ్ నా రికార్డు చింపేశారు. అప్పుడైనా బుద్ధి రాలేదు.

"టెలికాం చదివి స్తంభాలెక్కుతాడా?" అని నాన్న వెటకారం చేస్తే పోట్లాడి నన్ను చేర్పించింది నువ్వే. స్తంభం నేనెక్కలేదు, మేడ నువ్వెక్కావు.

మేనేజరుకి అంతా చెప్పేశాను. "మూసిన ఫైలుని ఫిర్యాదు లేకుండా తెరవం, వదిలెయ్" అన్నారు. అందుకని ఆ ఫిర్యాదు నువ్వే రాయి పిన్నీ. ఎవరి మీద అన్నచోట నా పేరు పూర్తిగా రాయి. ఆ పేరు నాకు పెట్టింది నువ్వే కదా.

నీ అక్క కొడుకు