కార్తీకంలో వడదెబ్బ

2003 నవంబరు, మంగళవారం.

ఊళ్ళో పోయినవాళ్ళు దేనితో పోయారో రాసుకోవడానికి సర్వే అమ్మాయి వచ్చింది. మా ఆవిడ సుబ్బులు గురించి అడిగితే, పదేళ్ళుగా అందరికీ చెబుతున్నట్టే వడదెబ్బ అన్నాను.

"ఏ నెలలో పోయారండీ?"

"కార్తీకంలో."

"కార్తీకంలో వడదెబ్బా తాతగారూ?"

నాకు ఒళ్ళు మండింది. "పొద్దున్నించీ పత్తిచేలోనే ఉందమ్మా. పురుగుమందు కలుపుతూనే పడిపోయింది" అన్నాను. ఎలా కలిపేవారని అడిగింది. గొప్పగానే చెప్పాను. కర్రతో తిప్పితే పొడిమందు గడ్డకట్టి పంపు మూసుకుపోతుంది. మోచేతి దాకా చెయ్యి పెట్టి కలపాలి. ఆ పద్ధతి సుబ్బులుకు నేర్పింది నేనే.

 ఆ అమ్మాయి, నోట నురగ వచ్చిందా, చెమటలు పట్టాయా అని అడిగింది. అన్నీ వచ్చాయి. "వడదెబ్బేనమ్మా, అదే రాసుకో" అని గదిమి పంపించేశాను.

సాయంత్రం కోడలు రేపటి మందు కోసం డ్రమ్ము కడుగుతుంటే, కర్రతో కలపమన్నాను.

"గడ్డ కడుతుంది మామయ్యా. చేత్తో కలపమని మీరేగా నేర్పింది?" అని నవ్వింది.

"చెప్పింది చెయ్యి!" అని అరిచాను. ఎందుకో మాత్రం చెప్పలేకపోయాను.

నేను అటు తిరగ్గానే ఆ పిల్ల కర్ర పక్కన పడేస్తుంది. వాళ్ళ అత్త వడదెబ్బతో పోలేదని నాకు ఆమె పోయిన రోజే తెలుసు. రేపు డ్రమ్ములో నీళ్ళు పోయకముందే ఆ మాట నా నోటితో నేను చెప్పాలి.