రక్తదానం ఫారంలో ఒక ప్రశ్న

యాదగిరన్నా,

ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయునది ఏమనగా, అమీర్‌పేటలో చాయ్ గ్లాసు ఇంకా చిన్నదైంది, నా బట్టతల ఇంకా పెద్దదైంది. నువ్వు పోయి నేటికి ఏడాది. మెట్రో కింద రక్తదాన శిబిరం పెడితే వెళ్లాను.

ఫారం నింపుతూ నర్సమ్మ అడిగింది.

"కాకా, ఎప్పుడన్న కామెర్లు అయినయా?"

"కాలేదు బిడ్డా," అని నవ్వాను.

"పరాచికాలొద్దు, నిజం చెప్పు."

"గిదొక్కటి నిజమే తల్లీ."

పడుకోబెట్టి చేతిలో మెత్తటి బంతి పెట్టింది. నొక్కుతుంటే గుడారం సందులోంచి పైన మెట్రో రైలు నీళ్లలో చేపలా కదిలిపోయింది. పక్క మంచం మీద నువ్వే పడుకుని, "ఏందిరా, నువ్వు సుత పనికొచ్చినవ్?" అని నవ్వినట్టు అనిపించింది. బంతి నీకివ్వబోయాను. అక్కడ ఎస్.ఆర్. నగర్ హాస్టల్ అమ్మాయి ఎవరో కళ్లు గట్టిగా మూసుకుని ఉంది.

పావుగంటలో అయిపోయింది. బిస్కెట్లు కూడా ఇచ్చారు. ఇంత చిన్న పనా అన్నా ఇది?

ఆ రోజు పంజాగుట్ట ఆసుపత్రిలో నీకు నా గ్రూపు రక్తమే కావాలన్నారు. నాకు చిన్నప్పుడు కామెర్లు వచ్చాయని, నా రక్తం పనికిరాదని వదినకు చెప్పాను. బోరబండ నుంచి ఎవరో ఆటో భాయ్ రక్తమివ్వడానికి పరుగున వచ్చేసరికి నువ్వు లేవు.

ఆ కామెర్లు నేను కల్పించినవే అన్నా. సూదికి భయపడ్డాను.