బాయికాడ పిండుకున్న ధోతి

యాదమ్మ నాయినా,

కలుపుకు పోతున్న. గంప కింద జొన్నరొట్టెలు, తోటకూర ఉన్నయి, తిను. సన్నబియ్యం చుట్టాలొస్తేనే.

నీకు నెత్తురు పడేది మొలలతోనే, క్యాన్సర్ కాదని నిన్న దవాఖానల డాక్టర్ అన్నంకనే నాకు పానం లేచొచ్చింది. ముందుముందు గూడ ఆ భయం తగ్గాలంటే జొన్న, ఆకుకూర తినాలె, చుట్ట, సారా బంద్ చెయ్యాలె అన్నడు. చుట్టలు పొయ్యిల ఏసిన, దేవులాడకు.

గని కట్టుకున్నదానికి చెప్పకుండ, బట్టలుతికే ఉప్పలమ్మకు ఎయ్యకుండ, నాలుగు నెలలు ధోతి బాయికాడ నువ్వే పిండుకుంటివి. మరకలు దాస్తున్నవని నాకేమెరుక? ఆమె ఉతుకుడు నీకు నచ్చుతలేదనుకొని పాపం ఆమెను తిట్టిపోసిన.

మాపటికి ఉప్పలమ్మ వస్తది. ధోతి ఆమెకే ఎయ్యి. నేను తిట్టినందుకు మాఫీ నువ్వే అడుగు.