కారు కొనేవాళ్ళు వచ్చేలోపు చదవండి

ఏమండీ, స్క్రూడ్రైవరు ఎక్కడ దాచారో మీకే గుర్తుండదు కనుక కూరగాయల కత్తితోనే పని కానిచ్చాను. మొన విరిగింది, అరవకండి.

తాళంచెవి ఇరుక్కుంటోందని సాయంత్రం వచ్చేవాళ్ళకు కారు ఇచ్చెయ్యకండి. ముందు మీరే వెళ్ళి బ్రేకు తొక్కి, గేరు రాడ్డు పార్కింగు గుర్తు ‘పి’ దాకా నెట్టి, తాళంచెవి వెనక్కి తిప్పండి. మోకాలితో తన్నక్కర్లేదు, బతిమాలక్కర్లేదు. చక్కగా ఊడి వస్తుంది.

రాడ్డు పూర్తిగా ‘పి’లోకి వెళ్ళకపోతే తాళంచెవి రాదని మెకానిక్ ఫోనులో చెప్పాడు. గేరు చుట్టూ ఉన్న మూత విప్పి చూస్తే, రాడ్డుకు అడ్డంగా నా దుద్దు! మీరు నాకు డ్రైవింగు నేర్పిన మొదటిరోజు పోయిన దుద్దే. మీ అరుపులకే ఊడిపోయిందని నేను మూడు రోజులు మాట్లాడలేదు. మీరు మాత్రం వీధంతా వంగి వంగి వెతికారు. పన్నెండేళ్ళుగా తాళంచెవి ఇరుక్కున్నప్పుడల్లా, ‘మీది మొరటు చెయ్యి’ అన్నదీ నేనే.

దుద్దు స్టీరింగు ముందు పెట్టాను. అక్క ఇంటికి వెళ్తున్నా, ఆరింటికి వస్తాను.

ఇంకో మాట. ఇందాక ఒక్కదాన్నే కారులో కూర్చుని, ‘తప్పు నాదేనండీ’ అని పైకే అన్నాను. మీరు వినాలంటే మళ్ళీ అంటాను. కానీ ఆ కారులో అయితేనే.