ముందు ఎండుగడ్డి

జూన్ 14, మధ్యాహ్నం

రెండు ఆవులు పోయాయి. అందులో ఒకటి గయ్యాళి. వదినని తప్ప ఎవర్నీ పొదుగు ముట్టనిచ్చేది కాదు. నేను ఎన్ని తన్నులు తిన్నానో! ఇప్పుడు కంచె పక్కన కాళ్లు బిగదన్నుకుని పడి ఉంది.

రాత్రి వానకి లూసర్న్ పచ్చిమేత చేను తడిసి ముద్దయింది. ఖాళీ కడుపుతో ఆ తడి మేత మేస్తే పశువుకి పొట్ట ఉబ్బి ఊపిరాడదు. అందుకే పొద్దున్నే ముందు ఎండుగడ్డి వేయాలి, ఆ తర్వాతే గేటు తీయాలి. మా ఫారంలో అది వదిన పని. ఇక్కడ పుట్టిన ప్రతి దూడనీ సాకింది తనే. నిన్న జ్వరంతో మంచం మీద నుంచే ఆ పని నాకు అప్పజెప్పింది, మర్చిపోకు నాయనా అని మరీ మరీ చెప్పింది.

మర్చిపోలేదు. బద్ధకించాను. ఒక్కరోజుకి ఏం కొంప మునుగుతుందిలే అని గేటు తీసేసి, ఫోన్లో మ్యాచ్ హైలైట్స్ పెట్టుకుని కూర్చున్నాను.

మునిగింది.

జూన్ 14, సాయంత్రం

పొద్దున పశువుల డాక్టరు ఫోన్లో చెబుతుంటే, పొట్ట ఉబ్బిన ఇంకో ఆవు, మా నత్త, ఎడమ డొక్కలో కత్తి దించాను. గాలి బుస్సున బయటికొచ్చింది. అది బతికింది. ఆయన వచ్చి చూసి, మొనగాడివోయ్ అని నా భుజం తట్టాడు. తర్వాత, ఎండుగడ్డి వేశారా అని అడిగాడు. డెయిరీలో పాలు పోసి అప్పుడే వచ్చిన అన్నయ్య నా వంక చూశాడు.

అది వదిన చూసుకుంటుంది కదా అన్నాను. ఆ మాట ఎలా ఊడిపడిందో నా నోట్లోంచి! ఛీ.

జూన్ 15

అన్నయ్య వదిన మీద ఇంతెత్తున లేచాడు. లేవలేకపోతే ఎవరికైనా ఒక్క మాట చెప్పి ఏడవొచ్చు కదా అన్నాడు.

అన్నయ్య వెళ్లాక నన్ను పిలిచింది. నీకు చెప్పానా, చెప్పాననుకున్నానా అని అడిగింది. జ్వరంలో ఏదీ సరిగ్గా గుర్తులేదట. నా మొహంలోకే చూస్తూ అడిగింది. ఔనంటే అయిపోయేది.

చెప్పలేదు వదినా అన్నాను.

జూన్ 16

నాదీ ఒక బతుకేనా.

జూన్ 19

షెడ్డు తాళాలు వదిన దగ్గర తీసుకుని అన్నయ్య నాకిచ్చాడు. డెయిరీలో అందరూ నన్ను డాక్టరుగారూ అని పిలుస్తున్నారు, టీ తాగించి కత్తి ఎలా దించానో మళ్లీ మళ్లీ చెప్పించుకుంటున్నారు. సిగ్గుతో చచ్చిపోతున్నాను. అయినా చెబుతున్నాను. కొంచెం కలిపి కూడా చెబుతున్నాను.

వదిన షెడ్డు వైపు రావడం మానేసింది. నత్త మాత్రం తన కోసం వంటింటి కిటికీ వైపు చూసి అరుస్తోంది.

జూన్ 23

గడ్డిమోపులు కట్టే తాడు ముక్క ఒకటి వదిన నైటీ జేబులో పెట్టుకుని తిరుగుతోంది. పొయ్యి ఆపితే ఒక ముడి. కుళాయి కట్టేస్తే ఒక ముడి. ఎందుకని అడిగాను. నా బుర్రని నేనే నమ్మలేకపోతున్నాను నాయనా, అని నవ్వింది. నవ్వింది!



జూన్ 24

చెప్పేశాను. ఇద్దరి ముందూ. అన్నయ్య చెయ్యెత్తాడు, వదిన ఆపింది. తాళాలు బల్ల మీద పెట్టాను. తను వాటిని ముట్టుకోలేదు. జేబులోంచి తాడు తీసి, తలొంచుకుని ముడులు ఒక్కొక్కటే విప్పింది. అన్నీ విప్పాక, ఇందాక పాలు కాచి పొయ్యి ఆపానా అని అడిగింది.

ఆపావు వదినా, నేను చూశాను అన్నాను.

అయినా లేచి వెళ్లి చూసుకుని వచ్చింది.